బంధుత్వం లేదు

ఐదు వెయ్యాల్సినచోట నాలుగెందుకు వేశాను, ఒక గడిలో చెయ్యి జారిందంటే నమ్మొచ్చు, మూడు గడుల్లో వరసగా జారుతుందా, అసలు జారింది చెయ్యేనా అనుకుంటూ లుంగిసా మఖుబాలో మూడో అంతస్తు మెట్లమీద ఆగి తన కుడిచేతిని చూసుకున్నాడు. మామూలు చెయ్యే. చూపుడువేలి పక్కన కొంచెం సిరా అంటింది. ముప్పై ఏళ్ళు సుద్దముక్క పట్టిన చెయ్యి, తల్లి శవపేటిక మీద మట్టి వేసిన చెయ్యి, ఈ మధ్యాహ్నం మూడుంబావుకి ఒక కాగితం మీద తను అనుకోనిది రాసి బల్లమీద బోర్లించిన చెయ్యి.

అయిదింటికి అందరికీ ఈమెయిలు వెళుతుంది. ఈలోగా ఫెజెకాకి తను చెప్పాలి. తెల్లవాడైన డీన్ డంకన్ హార్ట్లీ అలా అన్నాడు, చాలా మర్యాదగా, భుజం మీద చెయ్యి వేసి.

"నువ్వు చెబితే బాగుంటుంది లుంగిసా. మేం చెబితే వేరే అర్థం వస్తుంది."

మేం అంటే ఎవరో, వేరే అర్థం అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ విడమరచలేదు. ఈ విశ్వవిద్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా నల్లవాళ్ళకి చెడ్డ కబురు మోసుకెళ్ళేది తనే. మంచి కబురైతే మనిషి అక్కర్లేదు, ఉత్తరం చాలు. భూగోళశాస్త్ర శాఖలో నల్ల ప్రొఫెసరు తనొక్కడే. ఆ ఒక్కడినీ ప్రతి ఎంపిక సంఘంలోనూ కూర్చోబెడతారు. మొదట్లో అది గౌరవమనుకున్నాడు. తర్వాత బాధ్యత అనుకున్నాడు. ఈ మధ్య ఏమీ అనుకోవడం లేదు, టై కట్టుకుని వెళ్ళి కూర్చుంటున్నాడు.

ఫెజెకా సిషుబాకి ముప్పై ఏడేళ్ళు. ఆరేళ్ళుగా అదే శాఖలో ఏడాదికేడాది కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. మొదటి సంవత్సరం క్లాసు, మూడువందల మంది పిల్లలు, అంతా ఆమె నెత్తిమీదే. ప్రతి నవంబరులోనూ మళ్ళీ పిలుస్తారో పిలవరో తెలియకుండానే ఫిబ్రవరి పాఠాలు రాసిపెట్టుకుంటుంది. ఆరేళ్ళకి ఒక్క శాశ్వత ఉద్యోగం పడింది. ఇవాళ అది పోయింది. పోయిన సంగతి ఆమెకి ఇంకా తెలియదు. తెలియని ఆ కాస్త సమయాన్నీ పొడిగిద్దామన్నట్టు అతను ఒక్కొక్క మెట్టు దిగుతున్నాడు. ఆగస్టు గాలి కిటికీ తలుపుల్ని ఊపేస్తోంది. బయట గడ్డిలో కలబంద పూలు ఎర్రగా నిలబడి ఉన్నాయి.

పొద్దున వరండాలో జరిగింది మళ్ళీ గుర్తొచ్చింది. నిజానికి గుర్తు రాలేదు, పొద్దున్నుంచీ పోలేదు.

"భేలే!" అంది ఫెజెకా దూరం నుంచే. దగ్గరికొచ్చి, ఇంటి దగ్గర పెద్దవాళ్ళ ముందు చేసినట్టు, కొద్దిగా మోకాలు వంచింది. ఇస్త్రీ చేసిన నల్ల కోటు, అమ్మమ్మవి కాబోలు పాత పూసలు. "నిద్ర పట్టిందా భేలే? నాకైతే రాత్రంతా నాన్న కల్లోకొచ్చి బూట్లు తుడుచుకో, బూట్లు తుడుచుకో అని ఒకటే పోరు. చచ్చిపోయినా మనిషి మారలేదు."

భేలే అతని పేరు కాదు. ఏ కాగితంలోనూ ఉండదు. కాగితాల్లో అతను మఖుబాలో, ఆమె సిషుబా, ఒకరికొకరు ఏమీ కారు. కానీ ఆమె ఈ శాఖలో చేరిన మొదటి వారం, ఇంటిపేర్లు పక్కనపెట్టి, మీరెవరి వంశమని అడిగింది. అతను చెప్పాడు. ఆమె చప్పట్లు కొట్టి, "అయితే మీరు నాకు నాన్న వరస, ఇక నన్ను తిట్టొచ్చు," అంది. ఇద్దరూ భేలేలే. ఇద్దరి ముత్తాతల పేర్లూ ఒకే వరసలో పలుకుతాయి. అలాంటివాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు, చావుకి రాకపోవడం కూడా కుదరదు. ఆ రోజునుంచి అతనికి ఆమె మాభేలే. భేలేల ఆడపడుచు.

ఇవాళ పొద్దున ఆమె మోకాలు వంచిన క్షణంలో అతని వెనక డంకన్ గొంతు వినిపించింది. డంకన్, శాఖాధిపతి హెలెన్, మాట్లాడుకుంటూ వస్తున్నారు. లుంగిసా తన వెన్ను దానంతటదే నిటారుగా అవడం గమనించాడు.

"గుడ్ మార్నింగ్, డాక్టర్ సిషుబా," అన్నాడు ఇంగ్లీషులో.

వంచిన మోకాలిని ఆమె మెల్లగా తిన్నగా చేసింది. ఒక్క క్షణం అతని మొహంలో ఏదో వెతికింది. తర్వాత, ఓహో ఇవాళ ఈ ఆట ఆడుతున్నామా అన్నట్టు నవ్వి, "గుడ్ మార్నింగ్, ప్రొఫెసర్," అంది. ఆ నవ్వు. కోపగించుకునుంటే బాగుండేది. ఆమె అతన్ని నమ్మి నవ్వింది.

లోపల సిబ్బంది విభాగపు మిసెస్ ఐజాక్స్ అందరికీ కాగితాలు పంచింది. సంఘంలో ఓటున్నవాళ్ళు అయిదుగురు: డంకన్, హెలెన్, వేరే శాఖల నుంచి ఇద్దరు, తను. మార్కులు కూడేది మిసెస్ ఐజాక్స్. మొదటి కాగితంలో ఎప్పుడూ ఉండే ప్రశ్నే. అభ్యర్థుల్లో ఎవరితోనైనా మీకు బంధుత్వం ఉందా? ఉంది, లేదు. పక్కన చిన్న గడులు.

"రూపర్ట్ ఎలింగ్ వాళ్ళ నాన్నా నేనూ ఒకే బడి తెలుసా," అన్నాడు డంకన్, రెండో అభ్యర్థి గురించి, కాగితం వైపు చూడకుండానే టిక్కు పెడుతూ. "ఒకే హాస్టలు. వాడు నాకు జూనియరు, ఏడాదంతా నా బూట్లు పాలిష్ చేశాడు. ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోన్ చేసి ఆ బాకీ ఎప్పుడు తీరుస్తావంటాడు!"

అందరూ నవ్వారు. లుంగిసా కూడా నవ్వాడు. డంకన్ టిక్కు పెట్టింది లేదు అన్న గడిలో. అతను అబద్ధం రాస్తున్నానని అనుకోలేదు. అది అతనికి బంధుత్వంలా తోచనే లేదు, గాలిలా, ఎప్పుడూ ఉండేదిలా ఉంది.

తన కలం మాత్రం ఆ రెండు గడుల మధ్య ఆగిపోయింది. తల్లి బతికుంటే ఈ ప్రశ్న చూసి నవ్వేది. ఉందా ఏమిట్రా, నీ పిల్లేగా, అనేది. ఉంది అని రాస్తే? బయటికి వెళ్ళమంటారు. ఆ గదిలో తన సొంతూరు త్సోమో వైపు నేల ఎలా ఉంటుందో తెలిసినవాడు ఒక్కడూ మిగలడు. వెళ్ళేముందు వివరించాలి కూడా. రక్తసంబంధమా? కాదు. పెళ్ళి ద్వారానా? కాదు. మరి? మూడువందల ఏళ్ళ కిందటి ఒక తాత. అయితే మీకెన్ని లక్షలమంది చుట్టాలు లుంగిసా, అని ఎవరో ఒకరు అంటారు. ఆ నవ్వు ముందుగానే వినిపించింది.

ఆ నవ్వు అతనికి పాతదే. పదకొండేళ్ళ కిందట మనెలిసి అనే కుర్రాడికి ఇదే గదిలో పూర్తి మార్కులు వేసి, గొంతు పెంచి వాదించాడు. అప్పుడెవరో, "ఏంటి లుంగిసా, మీ బావమరిదా?" అన్నారు. గది గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా తనే నవ్వాడు. మనెలిసి వంశం వేరు, ఊరు వేరు, అంతకుముందు ముఖం కూడా ఎరగడు. ఉద్యోగం వచ్చింది కానీ ఆ కుర్రాడు రెండేళ్ళు ఊపిరాడక ఉండి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ టీ దగ్గర మాట వస్తే, "నీ మనిషి" అంటారు. అప్పట్నుంచీ లుంగిసా లోపల ఎవరో ఒకడు తరాజు పట్టుకుని కూర్చున్నాడు. నల్ల అభ్యర్థి నచ్చితే చాలు, వాడు రెండో తట్టలో ఒక రాయి వేస్తాడు. ఇన్నాళ్ళూ దాన్ని నిష్పక్షపాతం అనుకున్నాడు.

లేదు అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు.

తర్వాత ఫెజెకా వచ్చి నిలబడి మాట్లాడింది. అదే త్సోమో వైపు వాన నీరు కొండచరియల్ని కోసి చేసే ఎర్రమట్టి గండ్ల మీద ఆమె పరిశోధన. పొలాల్ని, దారుల్ని, ఒక్కోసారి సమాధుల్ని కూడా మింగే గండ్లు. ఊరి ముసలమ్మలు ప్రతి గండికీ పేరు పెట్టుకుంటారని, ఎవరి మొక్కజొన్న చేను పోతే వాళ్ళ పేరు దానికి వస్తుందని ఆమె చెప్పింది. ఆ పేర్లన్నీ సేకరించి, ఆ మనుషుల పుట్టుకలూ చావులూ కనుక్కుని, ఏ గండి ఏ ఏడు పుట్టిందో తేల్చింది. విమానం నుంచి తీసిన పాత ఫోటోలతో పోల్చి చూస్తే నలభైలో ముప్పై ఏడు సరిపోయాయి. బోర్డు మీద సుద్దతో ఒక కొండ గీసి, "ఇది నోమ్‌బిని చేను," అంది. "ఇక్కడ ఆవిడ నాటిన చివరి గుమ్మడి పాదు." గదిలో ఎవరూ కదల్లేదు.

"చాలా బాగుంది," అన్నాడు డంకన్. "కానీ ఇదంతా... ఒక ఊరి సంగతి కదా?"

"ప్రతిదీ ఏదో ఒక ఊరి సంగతే కదండీ," అంది ఫెజెకా. "మీరు ఇంగ్లండులో ఇరవై ఏళ్ళు కొలిచిన నది కూడా ఎవరో ఒకరి పెరట్లోంచే పారి ఉంటుంది."

హెలెన్ పకపకా నవ్వింది. డంకన్ కూడా నవ్వక తప్పలేదు. అప్పుడే లుంగిసా గుండెల్లో ఏదో పొంగింది. ఇది పెళ్ళిలో కూతురు అందరిముందూ చక్కగా పాడితే తండ్రికి పొంగేది, ఒక ప్రొఫెసరుకి పొంగాల్సింది కాదు. అలా అనుకోగానే హడలిపోయాడు. నాకు ఇది నచ్చింది ఎందుకు? నిజంగా బాగుందనా, నా పిల్ల కాబట్టా? ఆ రెండింటినీ విడదీయడానికి ఎంత గుంజినా రాలేదు. తల దించుకుని కాగితం వైపు చూశాడు. బోధన, పరిశోధన, శాఖకు చేసిన సేవ, ప్రచురణలు. ఒక్కోదానికి ఐదు మార్కులు. చివరి గడిలో నాలుగు న్యాయమే, ఆమె ప్రచురించినవి ఇంకా కొన్నే. మిగతా మూడూ ఐదులు. అది అతనికి స్పష్టంగా తెలుసు. మూడింటిలోనూ నాలుగు వేశాడు. మొత్తం పదహారు.

ఎలింగ్ మర్యాదస్తుడు, పని తెలిసినవాడు, కంప్యూటరుతో నదుల్ని గీశాడు. అతనికి లుంగిసా ఏ పీడా లేకుండా పదిహేడు వేశాడు. అతని విషయంలో లోపల తరాజువాడు నిద్రపోయాడు.

మిసెస్ ఐజాక్స్ కూడికలు చేసి మొత్తాలు మాత్రం చదివింది. ఎలింగ్ ఎనభై ఆరు. సిషుబా ఎనభై నాలుగు.

"సమానంగా వచ్చుంటే నల్ల అభ్యర్థికే ఇవ్వాలన్న నియమం ప్రకారం ఆవిడకే ఇచ్చేవాళ్ళం, సంతోషంగా," అన్నాడు డంకన్ కాగితాలు సర్దుతూ. "కానీ లుంగిసా కూడా ఎలింగ్‌నే పైన పెట్టాడు. ఇక మనల్ని ఎవరేం అంటారు? నీ నిజాయితీకి దండం పెట్టాలి లుంగిసా."

హెలెన్ తలెత్తి అతని వైపు చూసింది. ఆ చూపుకి అర్థం ఏమిటో అప్పుడు తెలియలేదు.

మొదటి అంతస్తులో నోఖాయా గచ్చు తుడుస్తోంది. అరవై ఏళ్ళ మనిషి, అతని కంటే ముందునుంచీ ఈ భవనంలో ఉంది. అతను లెక్చరరుగా చేరిన రోజు అతని గది తాళం తీసి ఇచ్చింది ఆవిడే.

"ఏంటి భేలే ఆ మొహం, పళ్ళు పీకించుకుని వస్తున్నట్టు?"

"ఏం లేదక్కా."

"ఏం లేదంటే? మన పిల్లకి వచ్చిందా లేదా చెప్పు. నీకోసం పొద్దున్నుంచీ తుడిచినచోటే తుడుస్తున్నా. ఈ గచ్చు పుట్టాక ఇంత స్నానం ఎరగదు."

"అయిదింటికి చెబుతారు."

"చెబుతారు! వాళ్ళు చెబుతారు. నువ్వు లోపల కూర్చున్నావుగా? నీకు నోరుంది, మెడలో ఆ తాడు కూడా ఉంది." అతని టై వైపు గడ్డం ఎగరేసింది. "సరేలే, రహస్యాలు నీ దగ్గరే పెట్టుకో. పిండి కలపనా వద్దా, అది చెప్పు చాలు. రేపు గ్విన్యాలు వేయించి తెస్తానని పిల్లకి మాటిచ్చా. బకెట్టెడు. పొంగిన పిండి ఎవరి ఈమెయిలు కోసమూ ఆగదు."

అతను గోడమీది మ్యాపు వైపు చూశాడు.

"కలపొద్దక్కా."

నోఖాయా తుడుపుకర్ర ఆపింది. గుడ్డని బకెట్లో ముంచి, చాలాసేపు పిండింది, నీళ్ళు పోయాక కూడా పిండింది.

"నువ్వున్నావుగా లోపల," అంది మళ్ళీ. ఈసారి వెక్కిరింపు లేదు. నిజంగా అర్థంకాక అడుగుతోంది.

అతను తడి గచ్చు మీద నడిచి వెళ్ళాడు. వెనక తన బూటు గుర్తులు పడుతున్నాయని తెలుసు.

ఫెజెకా గది ఒకప్పుడు మ్యాపులు దాచే కొట్టు. ఇప్పుడు ముగ్గురు కాంట్రాక్టు లెక్చరర్లు అందులో సర్దుకుంటారు. మిగతా ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆమె కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఎర్ర కలంతో పేపర్లు దిద్దుతోంది.

"భేలే! రండి, రండి. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు విరిగింది. అది కూడా నాలాగే, డిసెంబరుదాకా ఉంచుతారట."

అతను నిలబడే ఉన్నాడు. ఆమె అతని మొహం చూసింది. నవ్వు వెంటనే పోలేదు. పోవాలని తెలియక కాసేపు అక్కడే ఉండి, తర్వాత పోయింది.

"ఎవరికి?"

"ఎలింగ్‌కి."

ఆమె కలానికి మూత పెట్టింది. "ఎంత తేడా?"

"చెప్పకూడదమ్మా."

"అయితే తక్కువే."

"రెండు."

"రెండా." ఆమె ముందున్న పేపర్ల దొంతరని చేత్తో తట్టింది. "రెండు మార్కులంటే ఏంటో నాకు బాగా తెలుసు. మూడొందల పేపర్లు దిద్దుతా. దిద్దేవాళ్ళకి ఆ పూట తలనొప్పి ఉందా లేదా, అంతే." దొంతర మీంచి చెయ్యి తీసి, "మీరెంత వేశారు?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. కాగితాలు పెట్టెలోకి వెళ్ళిపోయాయి, ఎవరూ తెరవరు. పంతొమ్మిది అంటే చాలు, ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, ఇద్దరూ కలిసి వాళ్ళని తిట్టుకోవచ్చు. ఆ ఓదార్పు ఎంత దగ్గర్లో ఉందో తలుచుకుంటే నోరూరింది.

"పదహారు," అన్నాడు.

"ఎలింగ్‌కి?"

"పదిహేడు."

కిటికీ బయట హదీదా పక్షులు రెండు గొంతు చించుకుని అరిచి ఊరుకున్నాయి.

"నా పాఠం బాగోలేదా?" అని అడిగింది ఫెజెకా. నిష్ఠూరం కాదు. తప్పు ఎక్కడుందో చూపిస్తే దిద్దుకుంటానన్న విద్యార్థిలా, బల్లమీదికి కొంచెం వంగి అడిగింది. అతనికి అది భరించడం కష్టమైంది.

"బాగుంది. ఆ గదిలో ఇన్నేళ్ళలో నేను విన్నవాటన్నిటికంటే బాగుంది."

"మరి?"

"నువ్వు నా కూతురివి కాబట్టి."

ఆమె ఎర్ర కలాన్ని పేపర్ల దొంతర పక్కన తిన్నగా పెట్టింది.

"ఆ కాగితం ఇస్తారుగా," అంది. "చుట్టరికం ఉందా అని అడిగేది. అందులో ఏం రాశారు?"

"లేదని."

"అంటే ఆ కాగితం ముందు నేను మీకేమీ కాను. మార్కులప్పుడు మాత్రం కూతుర్ని." గొంతు పెంచలేదు, పిల్లలకి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "పరాయిదాన్నయితే ఐదులు వేసేవారు. సొంతదాన్నని రాసుంటే బయటికెళ్ళి నిలబడేవారు, నా చావు నేను చచ్చేదాన్ని. రెండూ కాకుండా పోయాను కదా."

"భయపడ్డానమ్మా."

"తెలుసు. పొద్దున వరండాలోనే తెలిసింది. ఆట అనుకుందాంలే అనుకున్నా."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు, తడి లేదు. తడి ఉంటే ఏదో ఒకటి చేసుండేవాడు. ఆమె మూత తీసి కలం చేతిలోకి తీసుకుంది.

"మీరే వచ్చి చెప్పారు, థాంక్యూ ప్రొఫెసర్. ఇవి రేపు పిల్లలకి ఇచ్చేయాలి."

అతను గుమ్మం దగ్గర ఆగాడు. ఎందుకాగాడో తెలుసు. ఇంకొక్క మాట వస్తుందేమోనని. ఆరేళ్ళుగా ఈ గదిలోంచి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ వెనకనుంచి వచ్చే మాట, వెళ్ళిరండి భేలే. ఎర్ర కలం కాగితం మీద కదిలే చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

మెట్లెక్కుతుంటే మూడేళ్ళ కిందటి వాన గుర్తొచ్చింది. తల్లి పోయినప్పుడు త్సోమోకి ఈ విశ్వవిద్యాలయం నుంచి పూలగుత్తి ఒకటి వచ్చింది, డంకన్ సంతకంతో. ఫెజెకా మాత్రం రెండు బస్సులు మారి, చివరి మైళ్ళు బురదలో నడిచి, ముందురోజు మధ్యాహ్నానికే వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. దుప్పటి నడుముకి కట్టుకుని, వంశపు ఆడపడుచులు ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చుని, పెద్ద గంగాళాల పక్కన రెండు బస్తాల బంగాళాదుంపలు చెక్కు తీసింది. అతని పెత్తల్లి వచ్చి, ఈ పిల్ల ఎవరి కూతురంది. నా కూతురే, అన్నాడు లుంగిసా. అప్పుడు ఆ మాట ఎంత సులువుగా వచ్చింది. ఏ గడీ లేదు, ఏ టిక్కూ లేదు. అది మర్యాదకి అన్న మాటా? అయితే ఇవాళ పొంగిందేమిటి?

మూడో అంతస్తులో మిసెస్ ఐజాక్స్ కాగితాల్ని కవరులో పెడుతోంది. గోడ గడియారం అయిదుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఏదైనా మర్చిపోయారా ప్రొఫెసర్?"

"నా ప్రకటన కాగితం ఒకసారి ఇస్తారా? బంధుత్వం అడిగేది. మార్చాలి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి అతన్ని చూసింది. ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ భవనంలోనే ముప్పై ఏళ్ళు ఇతరుల మార్కులు కూడిన మనిషి. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చింది.

"కూర్చోండి. నేను చెప్పేది వినండి, తర్వాత మీ ఇష్టం. అది మారిస్తే మీ మార్కులు తీసేస్తారు. మిగతా నలుగురివీ చాలు, మళ్ళీ ఎవరినీ కూర్చోబెట్టరు. తప్పుడు ప్రకటన ఇచ్చినందుకు మీ మీద విచారణ ఉంటుంది. డీన్ ఊరుకోడు."

"తెలుసు. నావి తీసేస్తే ఎంత?"

"నేను కూడి చూశాను." ఆవిడ తల దించుకుంది. "మీరు మెట్లు దిగి వెళ్ళగానే కూర్చుని కూడేశాను. ఎందుకో తెలీదు. అరవై తొమ్మిది ఆయనకి, ఆవిడకి అరవై ఎనిమిది. అప్పటికీ రాదు ప్రొఫెసర్. ఒక్కటి తక్కువ."

ఆవిడ ఒక కాగితం బల్లమీద అతని వైపు తిప్పి పెట్టి, తను కిటికీ వైపు తిరిగి నిలబడింది. "నేను చూపించలేదు, మీరు చూడలేదు."

హెలెన్: సిషుబా పద్దెనిమిది, ఎలింగ్ పదహారు. బయటి శాఖల ఇద్దరిలో మొదటివాడు: పదిహేడు, పదహారు. రెండోవాడు: పద్దెనిమిది, పదిహేడు. ముగ్గురూ ఆమెనే పైన పెట్టారు. ఎలింగ్‌ని పైన పెట్టింది ఆ గదిలో ఇద్దరే. బడి స్నేహితుడి కొడుక్కి ఇరవైకి ఇరవై వేసిన డంకన్, ఆ తర్వాత తను.

హెలెన్ చూపు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ గదిని ఒక మొహంగా చూశాడు, తనని చూసి నవ్వే ఒకే ఒక మొహంగా. అందులో మనుషులున్నారని, ఇవాళ ముగ్గురు ఆ గండ్ల పేర్లు నిజంగా విన్నారని, తను ఒక్కడు ఉన్నది ఉన్నట్టు రాసుంటే చాలునని అతనికి తట్టనే లేదు. వాళ్ళు అనని మాటకి కూడా తనే ముందుగా భయపడ్డాడు.

కాగితాన్ని వెనక్కి తిప్పి పెట్టాడు.

"ఇవ్వండి," అన్నాడు.

"దీనివల్ల ఆవిడకేం ఒరగదు, ప్రొఫెసర్."

"అవును."

మిసెస్ ఐజాక్స్ కవరులోంచి ప్రకటన కాగితం తీసి ముందు పెట్టింది. తను తెచ్చుకున్న కలం ఎక్కడో వదిలేశాడు, ఆవిడే తన కలం ఇచ్చింది. పొద్దుటి టిక్కు చిన్నగా, ఎవరికీ కనపడకూడదన్నట్టు గడి మూలలో ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు వేశాడు. ఉంది అన్న గడిలో టిక్కు పెట్టాడు. కింద ఒక ఖాళీ గీత ఉంది, ఉన్నట్లయితే వరస తెలపండి అని. రక్తసంబంధం, పెళ్ళి, వ్యాపారం, ఇతరములు. వాటిలో దేన్నీ ఎంచుకోలేదు. చూపుడువేలికి సిరా అంటిన ఆ చెయ్యి కాగితం మీద ఆనించి, ఆ గీత మీద, తన భాషలో, కూతురు అని రాశాడు.